గోడలు లేని గుమ్మం

నాగేంద్రప్రసాద్ ఉండే ఇంటికి రెండు గుమ్మాలు. మొదటిది ఇంటి యజమాని హసన్‌ది, మెట్లెక్కి రాగానే ఎదురవుతుంది. రెండోది నాగేంద్రప్రసాద్ భార్య చంద్రికది, హాలు నట్టనడుమ నిలబడి ఉంటుంది. దానికి అటూ ఇటూ గోడ లేదు. కింద ఇనప కాళ్ళు బిగించిన నిలువెత్తు టేకు ద్వారబంధం, చెక్కడాల జంట తలుపులు, ఇత్తడి గడియ, ఒక కాలింగ్ బెల్లు, పైన ‘చంద్రికా నిలయం’ అని ఇత్తడి పలక. గుమ్మానికి ఇవతల సోఫా, అవతల వంటిల్లు.

పక్కనుంచి మనిషి హాయిగా పోయేంత సందు ఉంది. అయినా ఆ ఇంట్లో ఎవరూ అటు నడవరు. “పక్కనుంచి దూరడానికి మనమేమన్నా పిల్లులమా?” అంటుంది చంద్రిక. నాగేంద్రప్రసాద్ మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత ఆయనే, మంచినీళ్ళకి లేచినా సరే, తలుపు తీసి, గడప దాటి, వెనక్కి తిరిగి మళ్ళీ తలుపు వేసి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆ గుమ్మం వాళ్ళింటికి రావడానికి కారణం ఆయన ఉద్యోగమే. గల్ఫ్‌లో, వాడి కబీర్ అనే పేటలో తలుపులూ తాళాలూ కుళాయిలూ అమ్మే పెద్ద షోరూములో ఆయన గోడౌన్ ఇన్‌చార్జి. ఎవరో పెద్దమనిషి విల్లా కోసమని ఆ తలుపులు చెక్కించుకున్నాడు. తీరా తయారయ్యాక విల్లా ప్లానే మార్చేసి, తీసుకోనన్నాడు. గోడౌన్లో దుమ్ము పట్టి పట్టి, చివరికి మేనేజరు “ప్రసాద్, దీన్ని ఎలాగైనా నా కళ్ళ ముందు నుంచి తీసెయ్” అన్నాడు. అలా తీసేసే సామానుని స్టాఫు ఇంటికి పట్టుకుపోవడం ఆ కంపెనీలో మామూలే. నాగేంద్రప్రసాద్ వాళ్ళ మంచం కింద అప్పటికే ఒక వాష్‌బేసిను, ఆరు కుళాయిలు, ఒక షాండిలియరు పడుకుని ఉన్నాయి. ఎప్పటికైనా కట్టుకోబోయే ఇంటి కోసం. ఇల్లు ఒక్కటి తప్ప ఇంటికి కావలసినవన్నీ చేరాయి.

కుళాయి మంచం కింద ఉంటుంది, గుమ్మం ఉండదు. పైగా టేకు తలుపుల్ని పడుకోబెడితే వంకర పోతాయని ఆయనకు వృత్తిరీత్యా తెలుసు. బంధంలో బిగించి నిలబెట్టాలి. “నిలబెడదాం, హాల్లోనే” అన్నాడు. అంతే, చంద్రిక లేచి నిలబడింది.

“ముహూర్తం లేకుండా ద్వారబంధం ఎత్తుతారా ఎవరైనా?”

వాళ్ళ తెనాలి మావయ్య ఫోన్లో ముహూర్తం పెట్టాడు. గడప కింద నవధాన్యాలూ పంచలోహాలూ వెయ్యాలి. హసన్ టైల్సు తవ్వడానికి లేదు కాబట్టి ఓ చిన్న స్టీలు డబ్బాలో వేసి, గడప కింద బిగించారు. దాంతో గడప జానెడు ఎత్తయింది. మామిడాకులు రూవి మార్కెట్లో దొరికాయి. చంద్రిక కొత్త చీర కట్టుకుంది, తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు వచ్చి అక్షింతలు వేశారు, హసన్ వచ్చి ఖర్జూరాలు పంచాడు. ఆనాటి నుంచి శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు, కుంకుమ. ఇక వచ్చే చుట్టాల సంగతి చెప్పాలా? వాళ్ళు హసన్ గుమ్మంలోంచి వచ్చి, సోఫాలో కూర్చుని, కాసేపు సేదతీరి, అప్పుడు లేచి వెళ్ళి చంద్రిక బెల్లు నొక్కాలి. ఆమె వంటింట్లోంచి వచ్చి తలుపు తీసి, అప్పటిదాకా తనతో కబుర్లు చెప్పినవాళ్ళనే చూసి, “రండి రండి, ఇప్పుడేనా రావడం?” అనేది.

నవ్వొస్తుంది, నిజమే. కానీ చంద్రిక పుట్టింది అద్దె ఇంట్లో, పెళ్ళయి వచ్చింది అద్దె ఇంటికి, కూతురు తన్మయిని కన్నదీ అద్దె ఇంట్లోనే. మేకు కొట్టాలన్నా ఇంకొకరిని అడిగి కొట్టిన బతుకు. ఆమె పిచ్చిని పిచ్చి అనడానికి నాకైతే నోరు రాదు.

ఈ మధ్య కంపెనీలో వయసు మళ్ళినవాళ్ళని ఒక్కొక్కరినే వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తున్నారు. తన వంతు వస్తే విమానం దిగి ఎక్కడికి వెళ్ళాలన్నది నాగేంద్రప్రసాద్‌ని తినేస్తున్న దిగులు. అప్పుడు తెలిసింది ఆయనకి, మొదటిసారి ఇల్లు కొనుక్కునేవాళ్ళ కోసం మన దేశంలో సర్కారువారి పథకం ఒకటి వచ్చిందని. మామూలుగా అయితే బ్యాంకువాళ్ళు ముందు పెద్ద మొత్తం కట్టమంటారు, అదే ఆయన వల్ల కాలేదు ఇన్నాళ్ళూ. ఈ పథకంలో కొంచెం కడితే చాలు, తక్కినదానికి ప్రభుత్వం పూచీ పడుతుంది. జన్మలో తనకి ఎవరైనా పూచీ పడతారని ఆయన అనుకోలేదు. తెనాలిలో ఒక ఫ్లాటు చూసుకున్నాడు. షరతు ఒక్కటే. మొగుడికి గానీ పెళ్ళానికి గానీ ప్రపంచంలో ఎక్కడా సొంత ఇల్లు ఉండకూడదు. ఆ షరతు చదివి ఆయన పకపకా నవ్వాడు. ఇంత సులువైన పరీక్ష ఆయన జీవితంలో రాయలేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళ ఇంటిని వీడియో కాల్లో తనిఖీ చేస్తారు. బ్యాంకు తరఫున భానుతేజ అనే కుర్రాఫీసరు ఫోన్ చేశాడు. నాగేంద్రప్రసాద్ మెట్ల దగ్గర మొదలుపెట్టి, హసన్ గుమ్మం చూపించి, హాల్లోకి వచ్చాడు.

“ఆగండి సార్. ఆ గుమ్మం ఏంటి?”

“గుమ్మం కాదండీ, సామాను.”

“సామానుకి పసుపు రాశారేంటి సార్?”

“మా ఆవిడ రాస్తుందండీ.”

“పైన పేరు కూడా ఉంది కదా.”

“అదీ మా ఆవిడదేనండీ.”

ఇంతలో తలుపులు కిర్రున తెరుచుకున్నాయి. చంద్రిక చెయ్యి తుడుచుకుంటూ ఫోన్లోకి చూసింది. “అదేంటండీ, ఇంటికొచ్చిన పిల్లాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడతారా? రా బాబూ, లోపలికి రా” అని ఫోన్ లాక్కుని గడప దాటించింది. భానుతేజ పాపం తెనాలిలో కూర్చుని వాడి కబీర్‌లో గృహప్రవేశం చేశాడు.

“అమ్మా, ఈ ఇల్లు ఎవరిదండీ?”

“మాదే బాబూ. బయట గోడలు హసన్ గారివి. ద్వారబంధం ముహూర్తం ఫోటోలు చూస్తావా?”

నాగేంద్రప్రసాద్ వెనకనుంచి రెండు చేతులూ ఊపాడు. ఆమె ఆ చేతుల్ని చూసి, ఆల్బమ్ తెమ్మంటున్నాడనుకుని తెచ్చింది. కొత్త చీర, అక్షింతలు, మామిడాకులు, అన్నీ భానుతేజ ఒక్కొక్కటే చూశాడు.

మర్నాడు కబురొచ్చింది. దరఖాస్తుదారుకి అద్దె ఇంటి లోపల సొంత ఇల్లు ఉన్నట్టు కనబడుతోందట. అద్దె కాగితం పంపిస్తే, గోడలకి అద్దె కట్టినంత మాత్రాన గుమ్మం సొంతం కాకుండా పోదని జవాబు. “మా పైవాళ్ళు ఫోటోలు చూశారు సార్. ద్వారబంధం ఎత్తాక అది ఇల్లు కాదని ఎలా రాయమంటారు? నేనూ తెనాలివాణ్ణే. వచ్చే గురువారం మళ్ళీ చూస్తాను. అప్పటికి ఆ గుమ్మం ఉంటే ఫైలు మూసేస్తారు” అన్నాడు భానుతేజ. అతనిలో కోపం లేదు. మర్యాదగానే ఇల్లు కూలగొట్టమంటున్నాడు.

“ఎత్తిన ద్వారబంధం దించుతారా? ఇల్లు ఇస్తామని పిలిచి, ముందు ఉన్న ఇల్లు పడగొట్టమంటారా? ఇదెక్కడి చోద్యం!” అంది చంద్రిక.

“మనకి ఇల్లు లేదే! లేదనే కదా ఇస్తామంటున్నారు!”

“మరి మూడేళ్ళ నుంచి నేను దేనికి పసుపు రాస్తున్నాను?”

ఆ పూట ఆమె గుమ్మం అవతల గడియ పెట్టుకుని కూర్చుంది. ఆయన ఇవతల సోఫాలో కూర్చున్నాడు. పక్కన సందు ఉందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అటు చూడలేదు. ఆకలికి ఆగలేక ఆయనే లేచి బెల్లు నొక్కాడు.

“రేపు నన్ను పంపించేస్తే నిన్నూ తన్మయినీ ఏ గుమ్మంలోకి తీసుకెళ్ళను, చెప్పు?” అన్నాడు తలుపు సందులోంచి. ఆ తెనాలి ఫ్లాటు గుమ్మంలో ఈ ద్వారబంధం పట్టదని కొలతలు చూసి ఆయనకు ముందే తెలుసు. అది మాత్రం మింగేశాడు.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

దించడం ఖాయమయ్యాక, ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. పడుకోబెడితే వంకర పోతుంది, నిలబెడితే ఇల్లవుతుంది. హసన్‌కి చెప్తే ఆయన గడ్డం నిమురుకుంటూ హిందీలో, “ప్రసాద్ భాయ్, బర్కాలో నా తోట ఉంది కదా, మేకల దొడ్డికి తలుపు లేదు. నీ గుమ్మం నా దగ్గర అమానత్‌గా ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకుపో” అన్నాడు. అమానత్ అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. ఆ మాట విని చంద్రిక కొంచెం మెత్తబడింది. దించే ముందు గడపకి మళ్ళీ పసుపు రాసి, నవధాన్యాల డబ్బా కదపకూడదని షోరూము మనుషులకి పదిసార్లు చెప్పింది. గుమ్మం పికప్‌లో నిలబడి వెళ్ళింది. హాలు ఒక్కసారిగా పెద్దదైపోయి, ఎవరిదో ఇల్లులా కనబడింది.

గురువారం భానుతేజ ఫోన్ చేశాడు. సాక్షిగా ఉంటానని హసన్ కూడా వచ్చి కాఫీ గిన్నె పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. నాగేంద్రప్రసాద్ హాలంతా తిప్పి చూపించాడు. గుమ్మం లేదు, పలక లేదు, బెల్లు లేదు.

“అమ్మా, రూల్ ప్రకారం మీ నోటితో చెప్పాలి. మీకు ఎక్కడైనా సొంత ఇల్లు ఉందా?”

చంద్రిక కొంగు వేలికి చుట్టుకుంది. ఆమె ఏం చెబుతుందోనని నాగేంద్రప్రసాద్ ఫోన్ రెండు చేతులా పట్టుకున్నాడు. “లేదు బాబూ. మాకు ఇల్లు లేదు” అంది. ఆ మాట వింటే పండగ చేసుకోవలసినవాడు, కళ్ళు తుడుచుకున్నాడు. సొంత పెళ్ళాం చేత ఆ మాట అనిపించడానికా ఇన్నేళ్ళు ఎడారిలో చాకిరీ చేసింది అనిపించింది ఆయనకు.

“టీ పెడతాను” అని ఆమె వంటింటి వైపు నడిచింది. హాలు మధ్యకి రాగానే చీర కుచ్చిళ్ళు పట్టుకుని, జానెడు ఎత్తున కాలెత్తి, ఉత్త గాలిని దాటి వెళ్ళిపోయింది.

భానుతేజ ఏదో రాసుకుంటున్నవాడు ఆగాడు. వంటింటి వైపు నుంచి స్కూలు బ్యాగుతో తన్మయి వచ్చింది. అదీ అక్కడికి రాగానే కాలెత్తి దాటింది.

“సార్, అక్కడేముంది?”

“ఏం లేదండీ.”

హసన్ ఖాళీ గిన్నె వంటింట్లో పెట్టడానికి లేచాడు. అక్కడికొచ్చి, ఒంటిమీది తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా అంచు చేత్తో పైకి పట్టుకుని, ఎడమ కాలు, తర్వాత కుడి కాలు, పెద్దరికంగా దాటాడు.

“సార్, అక్కడ ఏదో ఉంది. దాచేశారు. దగ్గరికెళ్ళి చూపించండి.”

“అయ్యో, ఏమీ లేదు బాబూ, చూడండి కావాలంటే” అంటూ నాగేంద్రప్రసాద్ ఫోన్ పట్టుకుని గబగబా వెళ్ళి, కాలెత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. సిగ్గుపడి దించాడు. ఫోన్ వంచి నేల చూపించాడు. టైల్సు మీద గడపంత మేర పాలిపోయిన చార. అంతే.

లైను తెగిందేమోనని నాగేంద్రప్రసాద్ “హలో, హలో” అన్నాడు.

“ఉన్నాను సార్” అన్నాడు అతను. “రూల్స్‌లో గుమ్మం గురించే ఉంది. కాళ్ళ గురించి ఏం లేదు. ఇల్లు లేదనే రాస్తున్నాను.”

ఆ శుక్రవారం బర్కా వెళ్ళారు, చంద్రిక పసుపు డబ్బాతో సహా. మేకల దొడ్డికి చుట్టూ ఈతమట్టల దడి, ముందు మాత్రం చెక్కడాల టేకు గుమ్మం. పైన ‘చంద్రికా నిలయం’. మేకలు ఒక్కొక్కటే వచ్చి, ముందు కాళ్ళు జాగ్రత్తగా ఎత్తి గడప దాటుతున్నాయి. చంద్రిక వాటిని పక్కకి నెట్టి కూర్చుని గడప కడిగి పసుపు రాస్తోంది. అప్పుడు ఫోన్‌కి కబురొచ్చింది. నాగేంద్రప్రసాద్ పైకి చదివాడు. ఆయన దరఖాస్తు ఒప్పుకున్నారు, ప్రభుత్వం పూచీ పడింది, మొదటి ఇల్లు కొనుక్కుంటున్నందుకు శుభాకాంక్షలు.

చంద్రిక తల ఎత్తింది. మొహమంతా నవ్వు, కళ్ళ నిండా నీళ్ళు.

“మొదటిదేంటండీ? రెండోది కదా!”

నాగేంద్రప్రసాద్ ఉలిక్కిపడి, ఫోన్ గబుక్కున జేబులో దాచేశాడు. “మెల్లగా అనవే! ఆ కుర్రాడు వింటాడు.”