ఇస్త్రీ ఆయన తుడిచిన నెత్తురు

చెయ్యి విరిగినవాడే క్షమాపణ చెప్పుకున్నాడు. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుని, సైకిలు మీద వెళ్తున్న ఇస్త్రీ ఆయన్ని బట్టల మూటతో సహా కింద పడేసింది. వెనక చూసుకోకుండా తలుపు తీసిన పెద్దమనిషి, "కళ్లు నెత్తికెక్కాయా? కొత్త బండి!" అని విరుచుకుపడ్డాడు. "తప్పయిపోయింది బాబూ" అంటూ ఇస్త్రీ ఆయన లేచి, తలుపుకి అంటిన తన నెత్తుటిని భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు. మరక కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు మరి.

ఇప్పుడు ఆ చెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో ఆయన నీళ్లు చిలకరిస్తే, భార్య ఇస్త్రీ పెట్టె తోస్తుంది. కాలరు దగ్గర ముడత పడితే ఆయన "చ్చు" అంటాడు. "నోరు ఇక్కడే లేస్తుంది! నెత్తురు నీది, తలుపు వాడిది. సాక్ష్యం తుడిచొచ్చావు కదయ్యా, మహానుభావా!" అంటుంది ఆమె. "పోనీలేవే, నేనే కాస్త దూరంగా పోవాల్సింది." "తప్పు వాడిదే, పరిహారం అడగడం నీ హక్కని స్టేషన్లో చెప్పలా? చూసినవాళ్లు ఒక్కరొచ్చి చెప్తే కేసు నిలబడుతుందన్నారు." ఆయన కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లు ముడవబోతాడు. చూపుడువేలు వంగదు. అది వంగకపోతే ఇక పెట్టె పట్టుకోలేడు. ఆ పూట వీధి నిండా జనమే; వాళ్లలో సగంమంది ఆయన ఇస్త్రీ చేసిన బట్టలే తొడుక్కుని ఉంటారు. ఒక్కరూ రాలేదు. మీ కళ్లెదుట సైకిలు మనిషి ఎవరైనా పడితే, లేవదీసి మంచినీళ్లిచ్చి వెళ్లిపోకండి. బండి నంబరు చూసుకోండి, ఫోటో తీయండి, స్టేషనుకి వెళ్లి "నేను చూశాను" అని చెప్పండి.