టెస్టర్‌కి పరీక్ష

మా మామగారిది పుట్టుకతో వచ్చిన అనుమానం. నలభై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నారు, ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఆయన కూతుర్ని చేసుకుంటానని అడిగినప్పుడు, "మంచివాడివి కాదనను బాబూ. ఔననడానికి ఇంకా ఏమీ చూడలేదు కదా" అన్నారు. ఆ చూడటం ఎనిమిది నెలలు సాగింది. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయ్యాక పోయి పోయి ఆయన దగ్గరే పనిలో చేరాను.

తీగ ముట్టుకునే ముందు ఎవరైనా టెస్టర్ పెడతారు. లోపలి బుడ్డి దీపం వెలగకపోతే కరెంటు లేనట్టే. ఆయనకి అలా కుదరదు. ముందు టెస్టర్‌ని కరెంటున్న చోట వెలిగించి చూడాలి, తర్వాత తీగ మీద పెట్టాలి, మళ్లీ వెళ్లి వెలిగించి చూడాలి. "వెలగలేదంటే కరెంటు లేదనా, దీపం పోయిందనా? తెలీనప్పుడు తెలీదనే అనుకోవాలి" అనేవారు. నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాణ్ని.

మొన్న ఒక హోటల్ లాండ్రీలో బట్టలారబెట్టే యంత్రం ఆగిపోయింది. మామయ్యా నేనూ వెళ్లాం. ఆ గది మెయిన్ నేనే ఆపాను. టెస్టర్ నేరుగా తీగ మీద పెట్టాను. వెలగలేదు. చెయ్యి చాపాను.

"ఆగు!"

ఆయన అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు.

"మెయిన్ ఆపింది నేనే మామయ్యా. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"ముందు దాన్ని వరండా ప్లగ్గులో పెట్టి చూడు."

రుసరుసలాడుతూ వెళ్లాను. వరండాలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అదే బోర్డులోని ప్లగ్గులో పెట్టాను. టెస్టర్ వెలగలేదు.

నా వెనకే వచ్చిన మామయ్య తన టెస్టర్‌ని అక్కడ వెలిగించి చూసుకుని, వచ్చి యంత్రం తీగ మీద పెట్టారు. ఎర్రగా వెలిగింది. ఆ యంత్రానికి ఎవరో పక్కగది బోర్డు నుంచి లైను లాగారు.

ఇద్దరం దుప్పట్ల మూటల మీద కూలబడ్డాం. బతికిపోయాను, అంతే. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నిన్ను నమ్మకపోతే పిల్లనిచ్చేవాణ్నా రా? నేను నమ్మనిది ఆ బుడ్డి దీపాన్ని" అన్నారు.

నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కాసేపటికి పక్కగది బోర్డు కూడా ఆపి, ఆయన టెస్టర్ తీసుకున్నాను. తీగ మీద వెలగలేదు. చెయ్యి చాపకుండా, ఆయన చెప్పకముందే లేచి మళ్లీ వరండాలోకి నడిచాను. ప్లగ్గులో దీపం వెలిగింది. అప్పుడు వచ్చి తీగ పట్టుకున్నాను.