ముల్లు జరిపిన చేయి

ఒప్పుకోవలసిన తప్పును రేపటికి దాచిపెట్టుకున్నవారు మీలో ఎందరు? చేతులెత్తమని అడగను. ముందు లేవాల్సింది నా చేయే. మొన్న సోమవారం పొద్దున, వర్క్‌షాపులో ఇనుముకు ఆకురాయి పట్టిస్తుంటే అడిక్‌మెట్ నుంచి కబురొచ్చింది, మా దుర్బిణి సారు పోయారని. ముందురోజు సాయంత్రమే తార్నాక చౌరస్తాలో స్టూలెక్కి "ఇవాళే ఒప్పుకోండి, రేపు మీది కాదు" అని గొంతు చించుకున్నవాణ్ని. ఆ రేపు సారుది కాకుండా పోయింది.

విశ్వవిద్యాలయం గుమ్మటంలో ఉన్న, చుక్కల్ని చూసే పెద్ద దుర్బిణిని చూసుకునేది ఆయన. దానికి నూనె పెట్టి మరలు బిగించే ఫిట్టర్ని నేను. నా బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. పరిశుద్ధ గ్రంథం మాత్రం చంకలోంచి దిగేది కాదు.

"ఏం పాస్టరు సాబ్, ఇయ్యాల ఎవలను నరకానికి తోలినవ్?" అనేవారు రాగానే.

"మిమ్మల్నే సార్. ఇంకా బయల్దేరలేదా?"

పడీపడీ నవ్వి, తన చాయ్‌లో సగం సాసర్లో పోసి నా వైపు జరిపేవారు.

దుర్బిణి గురి తప్పితే ఆయన ముందుగానే పానా పట్టేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగేవారు. "చుక్కలు జాగ తప్పయి. తప్పు మన దగ్గర్నే ఉంటది. ఉరికురికి ఏదీ తిప్పకు, తప్పు ఎటువోతుందో ముందు మంచిగ సూడు" అనేవారు.

ఆ దుర్బిణి పక్కన అంకెలు చెక్కిన ఇత్తడి చక్రం, దాని మీద సన్నటి ముల్లు ఉంటాయి. చూడాలనుకున్న చుక్క అంకె మీదికి ముల్లును తెస్తే, చుక్క కంటి అద్దంలోకి వస్తుంది. రెండేళ్ల కిందటి దసరాకు సారు ఆయుధ పూజ చేసి ఆ ముల్లు దగ్గర పసుపు, కుంకుమ పెట్టారు. మర్నాడు చూసి నాకు ఒళ్లు మండింది. గ్రంథంలో విగ్రహాలు పగలగొట్టిన పాత రాజుల కథలు నెత్తికెక్కాయి. ఎవరూ లేనప్పుడు కిరోసిన్ గుడ్డతో కసిగా రుద్దాను. మర సడలి ముల్లు జరిగింది. కంటి అంచనాతో మళ్లీ బిగించాను. వెంట్రుకవాసి తేడా ఏం చేస్తుందిలే అనుకున్నాను.

వారం తిరక్కముందే, ఉత్త కంటికి ఆనని ఒక తోకచుక్కను చూడడానికి బయటి ఊళ్ల ప్రొఫెసర్లు వచ్చారు. పొద్దుగుంకాక అది ఉండేది కాసేపే. సారు ముల్లును అంకె మీద పెట్టారు. అద్దంలో ఏమీ లేదు. మళ్లీ పెట్టారు. మళ్లీ లేదు. పావుగంటలో తోకచుక్క పడమటి చెట్ల వెనక్కి దిగిపోయింది. మర్నాటి నుంచి మబ్బు. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రైలెక్కారు.

"పూజలు జేసుడు వస్తది గని గురి వెట్టుడు రాదా?" అన్నారు పెద్దాఫీసరు, అందరి ముందూ.

మబ్బు విడిచిన సాయంత్రం సారు తెలిసిన చుక్కలు మూడింటికి గురి పెట్టి చూశారు, తూర్పున ఒకటి, నడినెత్తిన ఒకటి, పడమట ఒకటి. "మూడూ ఒక్కతీరుగ, ఒక్కదిక్కే తప్పినయ్. దుర్బిణిని మోసే స్తంభం వంగితె ఒక్కొక్కటి ఒక్కోతీరుగ తప్పుతుండె. అంటె ముల్లే జరిగింది" అని నా వైపు తిరిగారు. "నువ్వేమన్న ముట్టినవా, పాస్టరూ?"

"లేదు సార్."

గురువును ఎరగనని బొంకిన శిష్యుడి మీద ఎన్ని ఆదివారాలు వాక్యం చెప్పానో! ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందో!

సారు ముల్లును సరిచేశారు. ఆఫీసరుతో "పూజప్పుడు నా చెయ్యే తాకిందేమో" అన్నారు. ఆయన్ను గుమ్మటం నుంచి తీసి సామాన్ల గదిలో వేశారు. గుమ్మటం తాళాలు నా చేతిలో పెడుతూ సారు అన్నారు: "కిరోసిన్‌తోని తుడిస్తె ఇత్తడి ఆ పూట మెరుస్తది. మర్నాడు నల్లవడ్తది. ఉత్త మెత్తగుడ్డ సాలు."

ఆయనకు తెలుసు. నేనే చెప్తానని ఆగారు. నేను తాళాల గుత్తిని చూస్తూ "అట్లనే సార్" అన్నాను.

ఆ తర్వాత రోజూ పొద్దుగుంకే వేళకు సామాన్ల గది గడపలో నిలబడి అడిగేవారు, "గుమ్మటం తెరిచిన్రా?" అని. "తెరిచిన్రు సార్" అనేవాణ్ని. చంద్రుడి మీద మనుషులు దిగారని పేపర్లో వచ్చిన రోజు, "మన ముల్లు తీరుగ వాళ్లదీ జరిగితె ఏడ వడుదురో!" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇవాళ చెప్తా అనుకున్నాను. రేపు అనుకున్నాను.

సారు మట్టి కార్యం అయ్యాక ఆఫీసరుకు చెప్పాను. "ఇప్పుడు జెప్తె ఆయన్ను మల్ల గుమ్మటానికి తెస్తమా?" అన్నారు. సారు ఇంటమ్మకు చెప్పాను. "ఆయనకు జెప్పకపోతివి గద, బిడ్డా" అంది.

నిన్న మెత్తటి గుడ్డతో చక్రం తుడిచాను. చెక్కిన అంకెల గాడిలో, నా కిరోసిన్ చేరని చోట, కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు పోయి నీ సోదరుడితో సమాధానపడమని గ్రంథంలో ఉంది. అది నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం? మీరైనా చదువుతున్న ఈ కాగితం ఉన్నచోటే పడేయండి. చెప్పులేసుకోండి. ఆ మనిషి ఇంకా గడపలో నిలబడి ఉండగానే పోయి చెప్పండి. ఇవాళే, పొద్దుగుంకక ముందే.