ఒక్కపొద్దు అనుకున్నాం

మా ఇంట్లో తెలుగు నోటికే గానీ కంటికి తెలియదు. తమిళనాడులోని గుడియాత్తంలో ఎన్ని తరాలుగా ఉన్నామో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. మా అమ్మకూ, అక్కకూ, నాకూ తెలుగులో సంతకం పెట్టడం కూడా వచ్చేది కాదు. ఇప్పుడు ఇది నేనే రాస్తున్నానంటే, నలభై రెండేళ్ళ వయసులో కూర్చుని అక్షరాలు దిద్దాను కాబట్టి. అంత పట్టుదల నాకు భాష మీద ప్రేమతో రాలేదు. సిగ్గుతో వచ్చింది.

నాకు పిల్లలు లేరు. అక్కకు ఒక్కతే కూతురు. అదే నాకూ కూతురు. నేను వేలూరులో ఆసుపత్రి దగ్గర ఒక లాడ్జిలో గదుల తాళాలు ఇచ్చే పని చేస్తాను. అక్కావాళ్ళు గుడియాత్తంలోనే ఉంటారు, లుంగీల మగ్గం పని. ఆ పిల్ల సాయంత్రం బడి నుంచి రాగానే వాళ్ళమ్మ ఫోను లాక్కుని నాకు వాయిస్ మెసేజ్ పెట్టేది. "చిన్నమ్మా, ఈ పొద్దు ఏమైందో తెలుసునా..." అని మొదలుపెడితే ఇక ఊపిరి తీసుకోదు. టీచరమ్మ నడక, పక్కింటి మేక, తనకు రాని లెక్క, అన్నీ అందులో ఉండేవి. నేను ఫోను చెవికి ఆనించుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే, గది కోసం వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. చూడనీ అనుకునేదాన్ని.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ మెసేజీల్లో తమిళం ఎక్కువైంది. మా మాట ఈ పిల్లతో ఆగిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అందుకని తెలుగు పాటలు పంపడం మొదలుపెట్టాను. లాడ్జిలో దిగేవాళ్ళలో చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్ళు ఎక్కువ. రోగులకు తోడు వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఫోన్లో పాటలు చూస్తుంటారు. చెవికి ఇంపుగా ఉంటే, "నాకూ పంపించమ్మా" అని అడిగేదాన్ని. అలా వచ్చిందే ఆ పాట.

సినిమాలోది కాదు, విడిగా తీసిన వీడియో. అందులో ఒక బొద్దు అమ్మాయి. తను ప్రేమించినవాడు పదిమందిలో ఆమెను చూసి నవ్వి వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి తిండి మానేస్తుంది. పాట సాగేకొద్దీ చిక్కిపోతుంది, చిక్కేకొద్దీ మరింత అందంగా చూపిస్తారు. చివరికి వాడే వెతుక్కుంటూ వచ్చి ఆమె ముందు మోకరిల్లుతాడు. రాగం మాత్రం ఒకసారి వింటే వదలదు. మొదట్లో నల్ల తెర మీద నాలుగు వరుసల తెల్ల అక్షరాలు వస్తాయి. తీసినవాళ్ళ పేర్లు కాబోలు అనుకుని వేలితో ముందుకు జరిపేశాను. నాకు కనబడింది ఆ అమ్మాయి కట్టుకున్న పట్టు లంగావోణీ, వినబడింది కమ్మటి తెలుగు. "వినుకో పాపా, మన మాట ఎంత బాగుండాదో" అని చెప్పి పంపించాను. "సూపర్ చిన్నమ్మా" అని వెంటనే జవాబొచ్చింది. పొంగిపోయాను.

ఇంతలో తమిళ లెక్కలో పెరటాసి నెల వచ్చింది. మావాళ్ళలో ఆ నెల శనివారాలన్నీ గోవిందుడివే. పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఉండి, మధ్యాహ్నం దేవుడి ముందు అరిటాకు పరిచి, వండినవన్నీ తళిగగా, అంటే నైవేద్యంగా వడ్డించి, గోవిందా అని పిలిచాక ఒక్క పూట తింటాం. దాన్నే ఒక్కపొద్దు అంటాం. ఆ ఏడు పాప తానూ ఉంటానంది. అక్క ఫోన్లో మురిసిపోయింది. "ఏం భక్తే దీనికి! ఈ వయసులో నేను కూడా ఇట్ల ఉండింది లేదు."

ఆఖరి శనివారం తళిగకు నేనూ పళ్ళికొండ మీదుగా బస్సులో వెళ్ళాను. పూజ అయ్యాక పాప అందరికీ తనే వడ్డించింది. వడలు కొసరి కొసరి వేసింది. తర్వాత తన ఆకు ముందు కూర్చుని, మెతుకులు అటూ ఇటూ కదిపి, లేచిపోయింది. నేను చూశాను. చూసి ఏమన్నానో కూడా గుర్తుంది. "ఎంత నాజూగ్గా అయినావే! ఇంక నువ్వు ఏం కట్టినా బాగుంటాది." పాప సిగ్గుపడి నవ్వింది.

పెరటాసి అయిపోయింది, ఒక్కపొద్దులు అయిపోలేదు. సోమవారాలు వచ్చాయి, తర్వాత గురువారాలు కూడా. ఊరికే తిననంటే అక్క నాలుగు దెబ్బలు వేసి తినిపించేది. దేవుడి పేరు చెప్పిన పిల్లను మా ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు.

ధనుర్మాసంలో ఒక రోజు బడిలో ప్రార్థన జరుగుతుండగా పడిపోయింది. వేలూరు తీసుకొచ్చారు. డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి, పాపతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత లోపలికి పిలిచి, ఇది భక్తి కాదు, తిండి అంటేనే భయపడే జబ్బు, నయమవుతుంది కానీ ఓపిక పట్టాలి అని చెప్పింది. "ఇది రోజుకు ఎన్నిసార్లు చూస్తుందో మీకు తెలుసా?" అంటూ పాప చేతిలోని ఫోను చూపించింది. నేను పంపిన పాటే.

ఆ సాయంత్రం లాడ్జికి వెళ్ళి, భార్య వైద్యం కోసం వచ్చి దిగిన ఒక రిటైర్డ్ తెలుగు పంతులుగారి గది తలుపు తట్టాను. "అయివారూ, దీంట్లో ఏం రాసుండారో సదివి సెప్పండి" అని ఫోను ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ నాలుగు వరుసలూ చదివారు. ఇందులో తిండి మానుకోవడం చూపించాం, ఇది ప్రేమ కాదు, ప్రాణానికి ప్రమాదం, మీకు అలాంటి ఆలోచనలు వస్తే నమ్మకమైనవాళ్ళతో మాట్లాడండి అని ఉంది. "మావైపు టీవీల్లో ఈ పాట మీద పెద్ద రచ్చ జరిగింది కదమ్మా, మీరు వినలేదా?" అన్నారాయన. మా టీవీ తమిళం మాట్లాడుతుంది. మేం వినలేదు. పాపకు నమ్మకమైనది ఎవరంటే నేనే.

పాట ఒక్కటే చేసిందంటే అబద్ధం. దాన్ని ఎంతోమంది చూశారు, చూసి లేచి అన్నం తిన్నారు. మా పిల్ల అప్పటికే లోపల నొచ్చుకుని ఉంది. తరగతిలో ఎవరో ఏదో అనేవాళ్ళట. ఇంట్లో నేనూ ముద్దుకు 'బొండా' అని పిలిచేదాన్ని. అయినా తీసినవాళ్ళ మీద నాకు కోపం చల్లారలేదు. చిక్కిపోవడాన్ని అంత అందంగా తీసి, ముందు నాలుగు ముక్కలు అతికించి చేతులు దులుపుకుంటే అయిపోతుందా? చదవడం వచ్చినవాళ్ళయినా ఆగి చదువుతారా? నాకు చదవడం వచ్చి ఉంటే పంపకుండా ఉండేదాన్నా? ఏమో. ఆ పంతులుగారు లాడ్జిలో ఉన్నన్ని రోజులూ ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను.

రెండేళ్ళయింది. పాప ఇప్పుడు పదకొండో తరగతి. మెల్లమెల్లగా తినడం మొదలుపెట్టి, ఇప్పుడు బాగానే ఉంది. కానీ మెసేజీలు లేవు. నేను ఫోను చేస్తే "నల్లా ఇరుక్కేన్ చిత్తి" అని తమిళంలో, బాగున్నానని చెప్పి వాళ్ళమ్మకు ఇచ్చేస్తుంది. మా మధ్య చిన్నమ్మ అన్న పిలుపు పోయింది. పాత మెసేజీలు పెట్టుకుని వింటుంటాను. ఆ వాగుడు నాకు కావాలి. పక్కింటి మేక ఏం చేసిందో నాకు తెలియాలి.

పోయిన నెల గుడియాత్తం వెళ్ళాను. పాపా నేనూ మిద్దె మీద నూలు ఆరేస్తున్నాం. ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పాటలో నీకు ఏం కనబడింది పాపా?"

 ఉన్న నూలంతా ఆరేశాక పాప తెలుగులో చెప్పింది.

"పాట కాదు చిన్నమ్మా. అది నువ్వు అంపించినావు. ఆ పిల్ల మాదిరి అయితే నీకు బాగుంటానని, అందుకే అంపించినావని అనుకొన్నా."

రెండేళ్ళుగా ఆ నోటి నుంచి ఆ పిలుపు కోసం మొహం వాచి ఉన్నాను. "కాదు పాపా" అన్నాను. ఇంకా ఏమైనా అంటానేమోనని అది నా మొహంలోకి చూస్తూ నిలబడింది.