బాబాయిని పిలవని సర్వే

మొన్న ఆదివారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ వాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. వాచ్‌మన్‌నీ, మెట్లు తుడిచే ఆవిణ్ణీ, మోటారు చూసే అతన్నీ మాన్పించి మొత్తం పని ఒక హైదరాబాదు కంపెనీకి అప్పగిద్దామా, వద్దా అని. నేను కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకునేలోపే సగంమంది బొటనవేళ్ళు ఎత్తేశారు, కాఫీ కలుపుకుని వచ్చేసరికి తీర్మానమే అయిపోయింది. ఎవరు ఆలోచించి ఎత్తారో, ఎవరు పక్కింటాయన ఎత్తాడు కదా అని ఎత్తారో ఆ దేవుడికే తెలియాలి. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఇదే ప్రశ్న పట్టుకుని ఒక వేసవంతా గోదావరికి అటూ ఇటూ కాలుకాలిన పిల్లిలా తిరిగిన రోజులు గుర్తొచ్చి, కాఫీ చల్లారిపోయేదాకా బాల్కనీలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. రిటైరై ఇన్నేళ్ళయినా నీకు కుదురు రాలేదని మావారు లోపల్నుంచి అంటూనే ఉన్నారు.

మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మన జిల్లాల్లో ఎక్కడ చూసినా కాలేజీలూ, పెద్ద పెద్ద ఆసుపత్రులూ లేచాయి. కట్టేటప్పుడున్న ఉత్సాహం కట్టినదాన్ని చూసుకోవడంలో ఎవరికీ ఉండేది కాదు. రిబ్బను కత్తిరించిన ఏడాదికే పైకప్పు చెమర్చేది, లిఫ్టు ఆగిపోయేది, లాన్ అని వేసింది కాస్తా గేదెలకు మేత అయ్యేది. ఈ తలనొప్పంతా మనకెందుకు, తుడవడం, కాపలా, తోట, జనరేటరు అన్నీ బయటివాళ్ళకి కాంట్రాక్టుకి ఇచ్చేస్తే పోలా అనే మాట అప్పుడే మొదలైంది. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతూ, సరిగ్గా ఆ మాట మీదే పీహెచ్‌డీకి కూర్చున్నాను. కూర్చున్నాను అనడం మర్యాదకి, నేను ఎక్కడా కూర్చునే మనిషిని కాదు. సంసారంతో, వాల్యుయేషన్లతో ఏళ్ళు గడిచిపోయి, పొడిగించిన గడువు కూడా ఆ వేసవితో ఆఖరైపోయే పరిస్థితి వచ్చింది. అది దాటితే డిగ్రీ పోయినట్టే. డాక్టరేటు లేనివాళ్ళని వచ్చే ఏడాది ఉంచుకోబోమని కాలేజీవాళ్ళు కూడా మొహం మీదే చెప్పేశారు కాబట్టి ఉద్యోగం కూడా పోయినట్టే.

మా గైడుగారు విశాఖపట్నంలో ఉండేవారు. గొంతు పెంచకుండా భయపెట్టగలిగిన మనిషి. ఆయన చెప్పిన పద్ధతి వినడానికి చాలా తేలిక. ఈ పనిలో తలపండిన వాళ్ళని కొందరిని ఎంచుకోవాలి. వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టకూడదు, ఎవరెవరు ఉన్నారో ఒకరికొకరికి తెలియనివ్వకూడదు. విడివిడిగా ప్రశ్నలు పంపి, జవాబులు తెప్పించి, పేర్లు తీసేసి, అందరూ ఏమన్నారో అందరికీ మళ్ళీ పంపాలి. ఇలా రెండు మూడు విడతలు తిప్పితే పెద్దవాడి నోరు చూసి కాకుండా ఎవరి బుర్రతో వాళ్ళు ఆలోచించి ఒక మాట మీదకి వస్తారట. అంతా మనం ఎంచుకునే మనుషుల్లోనే ఉందమ్మా, వాళ్ళు సరిగ్గా కుదిరితే సగం థీసిస్ అయిపోయినట్టే అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు. కాంట్రాక్టర్లతో నింపకూడదు, వాళ్ళు కాంట్రాక్టుకే ఓటేస్తారు. సొంత సిబ్బందిని పెట్టుకున్న వాళ్ళూ ఉండాలి, పెట్టుకుని విసిగినవాళ్ళూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నీ బంధువులు ఒక్కరు కూడా ఉండకూడదు అన్నారు.

విశాఖపట్నంలో కూర్చుని ఆ మాట అనడం ఎంత సులువో, మన గోదావరి జిల్లాల్లో పాటించడం అంత కష్టం. ఎవరి పేరు రాసినా మా అత్తగారు పక్కనుంచి చూసి, ఈయన ఆవిడకి వేలువిడిచిన మేనమామ, ఆవిడ ఈయన తోడల్లుడి వదిన అని చెప్పేవారు. చుట్టరికం తేలకపోతే ఇద్దరూ కాకినాడలో ఒకే రూములో ఉండి చదువుకున్నవాళ్ళని తేలేది. ఒకరికొకరు తెలియని వాళ్ళు కావాలంటే గోదావరిలో పడవేసుకుని సముద్రం దాకా పోవాలని మావారు నవ్వేవారు. మావారిది నిమ్మకు నీరెత్తినట్టుండే స్వభావం. నాకు ఆ నవ్వు చూస్తే ఇంకా చిరాకు పుట్టేది.

ఎన్ని పేర్లు రాసినా, ఎన్ని కొట్టేసినా, మొట్టమొదట రాయాల్సిన పేరు ఒకటి రాయకుండా మిగిలిపోయింది. అది మా బాబాయిది. ఆయన సామర్లకోట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా కట్టడాలూ, నీళ్ళూ, కరెంటూ చూసే పనిలోనే చేసి రిటైరైన ఇంజనీరు. కొత్త ఆసుపత్రి కడితే నీళ్ళ ట్యాంకు ఎక్కడ పెట్టాలో, హాస్టలు కడితే మురుగు ఎటు పోవాలో ఆయన్ని అడక్కుండా చుట్టుపక్కల ఎవరూ చేసేవారు కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు తలెత్తి పైకప్పు చూసేవారు, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేవారు. పెళ్ళిళ్ళలో అందరూ పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళితే ఆయన వంటశాల వెనక కాలవ చూసి వచ్చేవారు. మా నాన్నగారు పోయాక, ఆడపిల్లకి ఇంక చదువెందుకని ఇంటిల్లిపాదీ అన్నప్పుడు, ఒక్కమాట కూడా వాదించకుండా నన్ను వెంటబెట్టుకెళ్ళి కాలేజీలో చేర్పించి వచ్చిన మనిషి ఆయన. ఆయన్నే వదిలెయ్యాలంటే నాకు ప్రాణం ఉసూరుమంది. కానీ సొంత బాబాయి కంటే దగ్గర బంధువు ఎవరుంటారు? గైడుగారిని ఒకటికి రెండుసార్లు అడిగి చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

సరే, ప్రశ్నలు అచ్చు వేయించి, పెద్దవాళ్ళకి పోస్టులో పంపితే ఏం బాగుంటుందని, బొట్టుపెట్టి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్ళి ఇచ్చి వచ్చాను. అందరూ ఎంతో ఆదరంగా తీసుకున్నారు. ఆఖర్న గుమ్మం దాకా వచ్చి మాత్రం అందరూ ఒకటే అడిగారు, మీ బాబాయిగారు కూడా ఉన్నారు కదండీ అని. పేర్లు చెప్పకూడదని రూలండీ అని నవ్వి తప్పించుకుని వచ్చాను.

ఇంక అక్కడినుంచి మొదలైంది నా తిరుగుడు. వారంలో ఇస్తామన్న వాళ్ళు నెలకీ ఇవ్వలేదు. మండుటెండలో వంతెన దాటి కొవ్వూరు వెళితే, అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్‌గారు తాటిముంజలు ఒలిపించి పెట్టి, మీవారికి తీసుకెళ్ళమని కొన్ని మూటగట్టి ఇచ్చి, కాయితాల సంగతి రేపు తప్పకుండా అనేవారు. రాజమండ్రి ఆసుపత్రి వ్యవహారాలు చూసే రిటైర్డు మిలటరీ ఆయన, క్రమశిక్షణకి పెట్టింది పేరు, నన్ను చూడగానే పొరపాటున ఇంకో గదిలోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయేవారు. కడియంలో నర్సరీ పెట్టుకుని పెద్ద పెద్ద క్యాంపస్‌లకి తోటల పని చేయించే ఆయన మరీ మంచివారు, వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక మొక్క చేతిలో పెట్టేవారు. వేసవి సగమయ్యేసరికి మా పెరట్లో గులాబీలూ, నందివర్ధనాలూ, పేరు తెలియని ఆకుల మొక్కలూ బారులు తీరాయి గానీ, నింపిన కాయితం ఒక్కటంటే ఒక్కటి చేతికి రాలేదు. లేదు, ఇవ్వం అని ఒక్కరైనా అంటే పోట్లాడేదాన్ని. మన వాళ్ళ మొహమాటంతో ఎలా పోట్లాడతాం? ఇంట్లో ఉంటే ముళ్ళ మీద ఉన్నట్టుండేది, బస్సెక్కితే దిగాలనిపించేది, దిగితే ఇంకో బస్సు కోసం కళ్ళు వెతికేవి. పోస్టుమాన్ సైకిలు బెల్లు ఏ సందులో మోగినా వీధిలోకి పరిగెత్తేదాన్ని.

చివరికి కడియం ఆయనే బయటపడ్డారు. మరో మొక్క ఇవ్వబోతుంటే వద్దన్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. ఆయన చేతిలో మొక్క కింద పెట్టేసి, "తప్పుగా అనుకోకండమ్మా, ఆ మధ్య పెళ్ళిలో అందరం ఒకే పంక్తిలో కూర్చున్నామండి, మాటల్లో కాయితాల సంగతి వచ్చిందండి. బాబాయిగార్ని అడగలేదటకదండీ. ఆయన్ని అడగని చోట మేం తగుదునమ్మా అని చెబితే ఏం బాగుంటుందండీ?" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరికీ ఎవరి పేరూ తెలియకూడదని నేను ఇన్ని ఆంక్షలు పెట్టుకుంటే, అందరూ కలిసి ఒకే పంక్తిలో పనసపొట్టు కూర తింటూ ఏకాభిప్రాయానికి వచ్చేశారు. అది కూడా నేను అడగని ప్రశ్న మీద. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాబాయిని చేర్చుకుంటే గైడుగారు ఒప్పుకోరు, చేర్చుకోకపోతే కాయితాలు రావు, గడువు చూస్తే నెత్తిమీద కూర్చుంది. అన్నిటినీ మించి, బాబాయికి తెలుసన్నమాట అన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. తెలిసీ నాతో మాట మాత్రం అనలేదు.

ఇంటికి కూడా వెళ్ళకుండా అటునుంచి అటే ప్యాసింజరు ఎక్కి సామర్లకోట వెళ్ళాను. బాబాయి స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నారు. పిన్ని మంచినీళ్ళు ఇస్తూ, ఆయన వినకుండా, నువ్వు కాయితం తెస్తావని రోజూ వీధి గుమ్మం తలుపు తీసే ఉంచారే అని మెల్లిగా చెప్పింది. ఆ గ్లాసు చేత్తో పట్టుకునే ఏడ్చేశాను. ఏడుస్తూనే గైడుగారు, రూలు, పెళ్ళి పంక్తి, మొక్కలు, తాటిముంజలు అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. ఆయన నింపాదిగా స్టూలు దిగి, చేతులు తుడుచుకుని, "అదేంటమ్మా, నన్నడగలేదన్నాను గానీ రాయొద్దని ఎవరితోనూ అనలేదే! మీ గైడుగారు సరిగ్గానే చెప్పారు. నేనైతే నాకు తోచింది కాదు, నీకేది పనికొస్తుందో అది చూసి రాసేవాణ్ణి" అన్నారు. ఆ మాటన్నాక ఫ్యాను స్విచ్చి వేసి, అది తిరగడం చూస్తూ నిలబడ్డారు. ఆయన మనసు నొచ్చుకుందని నాకు తెలుసు. నొచ్చుకున్నా నా పక్షమే మాట్లాడారని కూడా తెలుసు.

మర్నాడే గొడుగు పట్టుకుని బయల్దేరారట. నడివేసవి ఎండల్లో, ఆ వయసులో, కడియం వెళ్ళారు, రాజమండ్రి వెళ్ళారు, కొవ్వూరు వెళ్ళారు. మా ఇంటి మీదుగా వెళ్ళి కూడా లోపలికి రాలేదు, వస్తే నా కాయితాల్లో వేలు పెట్టినట్టవుతుందనుకున్నారేమో. ఎవరికి తోచింది వాళ్ళు రాయండి, నాతో మాత్రం చెప్పకండి అని అందరికీ ఒకే మాట చెప్పి వచ్చారని తర్వాత తెలిసింది.

ఆ పై వారంలో పోస్టుమాన్ మా గుమ్మం దగ్గర రోజూ ఆగాడు. వాళ్ళు రాసిన జవాబులు చదివి నేను ఆశ్చర్యపోయాను. ఎదురుగా కూర్చుంటే చిత్తం, చిత్తమండీ అనేవాళ్ళు కాయితం మీద ఒకరితో ఒకరు కత్తులు దూసుకున్నారు. రెండో విడతలో కాస్త మెత్తబడ్డారు, మూడో విడతకి ఒక దారికొచ్చారు. తోట, తుడుపు, కాపలా బయటికి ఇచ్చినా నీళ్ళూ, కరెంటూ మన చేతిలోనే ఉంచుకోవాలని, ఏది ఎవరికిచ్చినా రోజూ చూసే కన్ను మాత్రం మనదే కావాలని తేల్చారు. గడువుకి రేపనగా థీసిస్ ఇచ్చాను. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం నిలబడింది.

మిఠాయి పట్టుకుని సామర్లకోట వెళ్ళి, ఇప్పుడింక ఏ రూలూ లేదు కదా బాబాయ్, నువ్వైతే ఏం రాసేవాడివో చెప్పు అని అడిగాను. ఆయన నవ్వారు. అందరూ రాశాక ఇంక నాదెందుకమ్మా అని, మా ఇంటి వెనక గది గోడ చెమ్మ ఆరిందా అని అడిగారు. తర్వాతెప్పుడైనా చెబుతారులే, ఎక్కడికి పోతారు అనుకుని మా గోడ సంగతే చెప్పుకొచ్చాను. ఆ చలికాలం దాటకుండానే ఆయన వెళ్ళిపోయారు. దినానికి వాళ్ళందరూ వచ్చారు. కొవ్వూరు ప్రిన్సిపాల్‌గారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఇప్పుడు మనుషుల్ని అడగడం ఎంత తేలికైపోయింది! అడిగితే చాలు చెప్పేస్తారు, అడక్కపోయినా చెప్పేస్తారు. ఒక పెద్దాయన్ని పిలవలేదని తమ మాట కూడా ఆపుకుని, ఆ మాట పైకి చెప్పలేక ముంజలూ మొక్కలూ ఇచ్చి పంపించిన మనుషులు నాకు మళ్ళీ కనపడలేదు. అప్పట్లో వాళ్ళ మీద ఎంత విసుక్కున్నానో ఇప్పుడు అంతగా వాళ్ళ కోసం వెతుక్కుంటున్నాను. నా థీసిస్‌లో అంతమంది మాట ఉంది. పదిమందికీ తెలియాల్సిన ఆయన మాట లేదు. ఆయన జవాబేమిటో నాకు తెలియకుండానే అందరూ నన్ను డాక్టరుగారూ అని పిలిచారు.