రెండు నూళ్ల వదులు

పిచ్చమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చిందో, మిల్లులో వచ్చిందో చెప్పడం కష్టం. నరసరావుపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు నూలు చూసిన మనిషి. పోగు ఎక్కడ సన్నబడింది, ఎక్కడ ముడిపడింది అని వెతకడమే ఆమె ఉద్యోగం. మిల్లు మానేసినా ఆ చూపు మానలేదు. పాలు చిక్కగా ఉంటే ఇందులో ఏం కలిపారని అడిగేది. పల్చగా ఉంటే అడగాల్సిన పనే లేదు.

అలాంటి మనిషికి ఇప్పుడు సొంత ఇంట్లోనే ఒక అనుమానం పట్టుకుంది. అది మొగుడి కుడిచెయ్యి గురించి.

శౌరికి పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, మాట ముద్దముద్దగా వస్తోంది, కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టింది పెట్టినట్టే ఉండేది. వేళ్లకు పని చెప్పాలని డాక్టరు అన్నాడని కోడలు షెర్లీ ఫోన్‌లో ఆర్డరు పెట్టి ఒక పజిల్ తెప్పించింది. ఐదు వందల అట్టముక్కలు. అన్నీ కుదిరితే నీలం సముద్రంలో తెల్ల ఓడ. పిచ్చమ్మ మధ్యాహ్నం కాలేజీ హాస్టల్లో వంటకు వెళ్లి పొద్దుగూకాక వచ్చేది. వచ్చేసరికి బల్ల మీద సముద్రం కాస్త పెరిగి ఉండేది.

"మామయ్యే పెట్టారత్తమ్మా, కుడిచేత్తోనే," అనేది బడిలో పాఠాలు చెప్పి మూడింటికల్లా ఇల్లు చేరే షెర్లీ.

పిచ్చమ్మ నమ్మలేదు. ఆదివారాలు ఎదురుగా కూర్చుని కళ్లలో వత్తులు వేసుకుని చూస్తే, ఆయన చెయ్యి తువ్వాలు కిందికి పోయేది. ఆమె లేచి వెళ్లేదాకా బయటికి వచ్చేది కాదు. కోడలే అన్నీ పేర్చి, ముసలాయన మనసు చిన్నబుచ్చుకోకుండా ఆయన పేరు చెబుతోందని పిచ్చమ్మ తేల్చేసుకుంది. తేల్చుకుందే గానీ దిగులు పోలేదు. ఆ చెయ్యి వస్తే ఆయన అన్నం ఆయన కలుపుకుని తింటాడు. ఇప్పుడు ఆమె ముద్ద నోటికి అందించినప్పుడల్లా గోడ వైపు చూస్తున్నాడు. అది ఆమెకు భరించడం కష్టంగా ఉంది.

నాలుగు నెలలకు ఓడ పూర్తయింది.

"వెనకాల జిగురు పూసేద్దాం అత్తమ్మా, ఇక ఊడదు," అంది షెర్లీ.

పిచ్చమ్మకు చురుక్కుమంది. అంటించేస్తే మళ్లీ విడదీసి, ఏదీ నా ముందు పేర్చు అనడానికి ఉండదు. ఈ పిల్ల ఎంత తెలివిగా సాక్ష్యం మాయం చేస్తోంది!

"జిగురూ వద్దు, గిగురూ వద్దు. చెక్క ఫ్రేము నేనే కడతా," అంది.

బజార్లో కట్టించడానికీ ఒప్పుకోలేదు. షాపువాడు నాలుగు ముక్కలు పారేసి ఏమీ ఎరగనట్టు అద్దం బిగించేస్తాడట. పోనీ తనే విడదీసి మొగుణ్ని పరీక్షించిందా అంటే అదీ లేదు. ఆయన పేర్చలేకపోతే? ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా ఆమెకు భయమే.

పాత కిటికీ రెక్క విప్పి నాలుగు టేకు పట్టెలు తీసింది. వీధి చివర వడ్రంగి జిలానీని రంపం అడిగింది. నేనొచ్చి కోసిస్తానన్నాడు అతను. అతనొస్తే ఇంట్లో సంగతి వీధిలో పడుతుందని ఆమె రానివ్వలేదు.

"సరే అక్కా. బొమ్మ కొలతకి రెండు నూళ్లు వదులు పెట్టుకుని కొయ్యి. బిగుతుగా మాత్రం చేయమాక," అన్నాడు.

"నూలు సంగతి నువ్వు నాకు చెబుతున్నావా?" అంది పిచ్చమ్మ.

రెండు రోజులు కోసి, మేకులు కొట్టి, ఆదివారం చర్చి నుంచి రాగానే ఫ్రేమును బొమ్మ మీదికి దించింది. మూడు వైపులా దిగింది. నాలుగో వైపు మొండికేసింది. షెర్లీ ఆగమంటున్నా వినకుండా బొటనవేళ్లతో నొక్కింది. సముద్రం నడిమధ్య ఉబ్బి పైకి లేచి, ముక్కలన్నీ బల్ల మీదా కిందా చెల్లాచెదురయ్యాయి.

శౌరి బల్ల పక్కనే కుర్చీలోంచి అంతా చూశాడు.

పిచ్చమ్మ విసురుగా జిలానీ ఇంటి మీదికి పోయింది.

"ఏందిరా నీకు నా మీద కచ్చ? కోయనీయలేదని తప్పుడు కొలత చెబుతావా?"

జిలానీ వెంట వచ్చి ఫ్రేము చూశాడు. దేంతో కొలిచావని అడిగితే ఆమె దారం తెచ్చి చూపించింది. బొమ్మ పొడుగుకు తెంపిన దారం, దాని చివర వదులు కోసం పక్కపక్కనే పెట్టిన రెండు నూలుపోగులు. నవ్వాపుకోలేక అతను గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"నూలంటే పోగు కాదక్కా! మా వడ్రంగం లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. రెండంటే పావంగుళం. నువ్వు మిల్లు నూలు పెట్టావా?"

వేరే పట్టెలతో సరిచేసి తెస్తానని ఫ్రేము పట్టుకుపోయాడు. ఈసారి తప్పు ఎవరి మీదా నెట్టడానికి పిచ్చమ్మకు దారి లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి ముఖం చూడలేక, కోడలితో పాటు నేల మీద కూర్చుని ముక్కలు చేటలోకి ఏరింది. నాలుగు నెలల పని, ఎవరు చేసిందైనా, తన బొటనవేళ్ల కింద పోయింది.

చేట నిండాక తలెత్తింది. శౌరి చెయ్యి తువ్వాలు కింద లేదు.

బల్ల మీద ఉంది. వణుకుతోంది. ఒక నీలం ముక్కను ఇంకో ముక్క అంచుదాకా నెట్టింది, రెండుసార్లు తప్పింది, మూడోసారి కూర్చోబెట్టింది. తర్వాత ఇంకోటి. పిచ్చమ్మ కోడలి వైపు చూసింది. షెర్లీ ఇంకా నేల మీదే ఉంది, రెండు చేతులా ముక్కలతో.

ఆరో ముక్క తిరగబడింది. పిచ్చమ్మ ఆగలేక చెయ్యి చాచి దాన్ని సరిగ్గా తిప్పబోయింది. శౌరి ఫట్టున ఆమె చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ము...ముట్టుకోమాక," అన్నాడు.

"ఏమే షెర్లీ! ఏ చేత్తో కొట్టాడో చూశావా?" అంది పిచ్చమ్మ.

"నాలుగు నెలల్నుంచి నాకు రోజూ పడుతున్నాయి అత్తమ్మా," అంది షెర్లీ.

పిచ్చమ్మ కళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు, ఇంకాస్త ముందుకు జరిపింది.

"ఇంకోటి కొట్టయ్యా," అంది. "ఇందాకటిది నాకు సరిగ్గా తెలవలా."