ఒక్క మాట కొట్టేయించిన రోజు

మొన్న మా చిన్నబిడ్డ తన ఆఫీసు చూపిస్తనని నన్ను రాయదుర్గం తోలుకపోయింది. అద్దాల బిల్డింగు గేటు కాడ సెక్యూరిటీ ఆయన నన్ను ఆపి ఇంగ్లీషుల ఏందో అడిగిండు. నేను బిత్తరపోయి నిలవడ్డ. పిల్ల ముంగటికొచ్చి నా చెయ్యి పట్టుకొని, "మా అమ్మ" అన్నది. ఆయన పక్కకు జరిగిండు. లోపల ఏసీ చల్లగ తగులుతుంటే, ఈ పిల్లను సంకల ఎత్తుకొని నేను కోర్టు మెట్లెక్కిన దినం యాదికొచ్చింది.

ఇద్దరు పిల్లలు చాలని నేను పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయించుకున్న. నార్సింగి దిక్కు ఒక ప్రైవేటు దవాఖానల. ఇగ ఫికర్ లేదనుకున్నం. ఏడాది తిరగకముందే నాకు ఒకటే వాంతులు. "వేడి చేసిందే" అని మా అత్తమ్మ సబ్జా నీళ్లు, పల్చటి మజ్జిగ తాపుడు మొదలువెట్టింది. నెలలకు నెలలు తాపింది మహాతల్లి! ఆపరేషన్ అయినదానికి కడుపైతదని ఎవరనుకుంటరు? ఆఖరికి స్కానింగుల చూస్తే పిల్ల కాళ్లు చేతులు ఆడించుకుంట కనవడ్డది. "నీ వేడికి కాళ్లు మొలిచినయ్ అత్తమ్మా" అన్న. అందరం నవ్వినం. ఇంటికొచ్చినంక నేను ఏడ్చిన. మా ఆయన ఆటో తోలేటోడు, ఇద్దరిని సాకుడే కష్టమాయె.

పిల్ల పుట్టినంక తెలిసింది, ఆపరేషన్ల రెండు దిక్కుల కట్టాల్సిన గర్భం గొట్టాలు ఒక దిక్కే కట్టి కుట్లేసిన్రట. అందుకే దవాఖాన మీద కేసు వేసినం. మా వకీలు కోస్తా ఆయన, మెత్తటి మనిషి. కోర్టుల వేసే కాగితం చదివి వినిపిస్తే అందుల 'అక్కరలేని సంతానం' అని ఉన్నది. పిల్లేమో నా ఒళ్లె కూసోని పుస్తెలతాడు నములుతున్నది. నా పానం చివుక్కుమన్నది. "జర ఆ మాట కొట్టేయండి సార్" అన్న. "అలా రాయకపోతే పరిహారం రాకపోవచ్చండీ" అన్నడు. "రాకపోతే పాయె. రేపు ఇది చదువు నేర్చి, నా సంతకం మీద ఆ మాట చూడాల్నా?" అన్న. మా ఆయన నా మొకం చూసి, "కొట్టేయండి సార్" అన్నడు.

అనుకున్నట్టే కోర్టుల దవాఖాన దిక్కు వకీలు అక్కడనే పట్టుకున్నడు. "బిడ్డంటే అంత ప్రేమైతే, ఇంక మీకు నష్టమేముందమ్మా?" అన్నడు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "మీరు పని చెడగొట్టిన్రు, దానికి కట్టున్రి. నా బిడ్డ జోలికి రాకున్రి. బిడ్డ మాది" అన్న. జడ్జి సారు కళ్లద్దాలు తీసి, పిల్ల దిక్కు చూసి, "ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి" అన్నడు. పరిహారం వచ్చింది. పిల్ల చదువుకు అక్కరకొచ్చింది. "సబ్జా నీళ్లకు పుట్టింది, అందుకే గింత చల్లటి పిల్ల" అని అత్తమ్మ వాడంతా చెప్పుకొని మురిసింది.

నోరు లేని పిల్ల కోసం నేను గా కోర్టుల గంత మాట్లాడిన. మొన్న నా నోరు పెగలని కాడ అది నా కోసం చెప్పింది రెండే మాటలు. గేటు దాటినంక కొంగుతోని కళ్లు తుడుచుకున్న. ఇన్నేండ్లు ఏడికి పోయినయో అనుకుంటి, ఆ ఏండ్లన్నీ ఆ రెండు మాటల కాడికే వచ్చినయ్.